పెళ్లి ప్రకటనకు ముందే చెప్పవలసిన మాట

ప్రశ్న: మా పుట్టిల్లు చిత్తూరు, మెట్టినిల్లు తిరుపతి. 29 ఏళ్ల మా తమ్ముడు కాలేజీ రోజుల నుంచి ఫిట్స్‌కు మందులు వాడుతున్నాడు. చివరిసారి ఫిట్స్ వచ్చి రెండేళ్లు దాటింది. పుత్తూరులోని విశ్వాసుల కుటుంబంతో సంబంధం కుదిరింది. పిల్ల తల్లి అబ్బాయి ఆరోగ్యం గురించి నన్ను అడిగితే ఏ ఇబ్బందీ లేదన్నాను. ప్రభువు స్వస్థపరచిన జబ్బును మళ్లీ తలచుకోవడం అవిశ్వాసమని మా అమ్మ అంటుంది. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి చర్చిలో పెళ్లి ప్రకటనలు చదువుతారు. ప్రభువు బల్లలో పాలుపొందడానికి నాకు మనసు రావడం లేదు. నిజం చెబితే పుట్టింటికి దూరమవుతాను. ఏం చేయాలి?

జవాబు: మీ తమ్ముడి జబ్బు అతని సొంత విషయం కనుక దానిని బయటపెట్టే హక్కు మొదట అతనిదే. పిల్ల తల్లికి మీరిచ్చిన జవాబు మాత్రం మీది. దానిని సరిదిద్దే బాధ్యత మీ అమ్మగారిపైనా తమ్ముడిపైనా పెట్టి ఊరుకోవడానికి వీలులేదు. ఈ రెండింటినీ విడివిడిగా చూస్తే దారి కనిపిస్తుంది.

ఫిట్స్ అన్న మాట వినగానే సంబంధాలు వెనక్కి పోవడం మీ అమ్మగారు చూసే ఉంటారు కాబట్టి ఆమె భయాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ ఆమె చెప్పే కారణం వాక్యానికి నిలబడదు. కుష్ఠరోగిని శుద్ధుని చేసిన తరువాత, వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మని యేసు ఆజ్ఞాపించినట్టు మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది; అంటే నిజమైన స్వస్థత పరీక్షకు వెనుకాడదు. పైగా మీ తమ్ముడు ఈనాటికీ మందులు వాడుతున్నాడు. 1900లో మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ మీకు పొరుగునున్న వేలూరులో వైద్యం ప్రారంభించినప్పటి నుంచి ఈ ప్రాంతపు క్రైస్తవులకు ప్రార్థనా మందూ కలిసే అలవాటయ్యాయి. మాత్ర వేసుకోవడం విశ్వాసానికి లోటు అన్న ఆలోచన మనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

దాచడం వల్ల అసలు ప్రమాదం మీ తమ్ముడికే. భార్య కంటపడకుండా మాత్రలు వేసుకోవలసిన మనిషి ఏదో ఒక పూట మానేస్తాడు, అత్తవారింట నాలుగు రోజులుంటే నాలుగు రోజులూ మానేస్తాడు. ఈ మందులు ఉన్నట్టుండి ఆపితే అదుపులో ఉన్న ఫిట్స్ తిరగబెట్టవచ్చు, ఒక్కోసారి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికీ తేవచ్చు. అటువంటి రాత్రి ఏమీ తెలియని అమ్మాయి అతని చేతిలో తాళాల గుత్తి పెడుతుంది, నోట్లో చెంచా దూరుస్తుంది. తెలిసిన అమ్మాయి అయితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకువెళుతుంది. సరైన మందులతో చాలామందికి ఫిట్స్ పూర్తిగా అదుపులో ఉంటాయని, వారు పెళ్లి చేసుకుని పిల్లలతో మామూలుగా జీవిస్తారని ఆమెకు వైద్యుడే చెప్పగలడు. మోసంతో పొందిన సమ్మతిని కారణంగా చూపి వివాహాన్ని రద్దు చేయమని కోరే వీలు క్రైస్తవుల విడాకుల చట్టంలో ఉందన్నది కూడా మీ ఇంట్లో తెలిసి ఉండడం మంచిది.

తప్పు చేసిన సహోదరునితో మొదట ఒంటరిగా మాట్లాడమని మత్తయి సువార్త 18వ అధ్యాయం చెబుతుంది. ఈ వారంలోనే చిత్తూరు వెళ్లి, అమ్మగారు లేని చోట తమ్ముడితో మాట్లాడండి. మొదటి ప్రకటనకు ముందే అతను అమ్మాయికి స్వయంగా చెప్పాలని, వైద్యుని చీటీలు చూపాలని, ఆమె కోరితే ఇద్దరూ కలిసి వైద్యుని వద్దకు వెళ్లాలని అడగండి. అతను ఒప్పుకోకపోతే, మీరు పిల్ల తల్లి వద్దకు వెళ్లి, "ఆ రోజు నేను చెప్పిన జవాబు సరైనది కాదు, అబ్బాయి ఆరోగ్యం గురించి అతనినే అడగండి" అని మాత్రం చెప్పండి. జబ్బు పేరు మీరు ఎత్తనక్కరలేదు. ఈ సంగతి తమ్ముడికి ముందుగానే తెలియజేయండి. అతని వెనుక చేసిన పనిగా అది మిగలకూడదు.

దీనిని స్త్రీల కూటంలో ప్రార్థన మనవిగా పెట్టకండి. మన సంఘాలలో సగం చాడీలు ఆ రూపంలోనే ప్రయాణం చేస్తాయి. అభ్యంతరాలుంటే తెలపమని పాస్టరుగారు అడిగే వరకు వేచి ఉండి నలుగురిలో లేచి నిలబడడం మరీ క్రూరం. సంబంధం తప్పిపోవచ్చు, మీ అమ్మగారు కొన్నాళ్లు మీతో మాట్లాడకపోవచ్చు. అలా జరగదని మీకు మాట ఇవ్వలేను. అప్పుడు కూడా పండుగకు పుట్టింటికి వెళ్లడం మానకండి, తమ్ముడు వైద్యుని వద్దకు వెళ్లే రోజున తోడు వెళ్లండి.