యుద్ధభూమికి ఆయన, చెల్లెలి దగ్గరికి మీరు

ప్రశ్న: మే నెలలో మావారు, నేను, పన్నెండేళ్ల పాప స్కాట్లాండ్ వెళ్తున్నాం. ఎడిన్‌బరోలో ఆరు రోజులు ఉంటాం. మా చెల్లెలు అక్కడే ఉద్యోగం చేస్తోంది. దాన్ని చూసి నాలుగేళ్లయింది. ఆ వారంలో దానికి శనివారం ఒక్కటే సెలవు. సరిగ్గా ఆ రోజే అందరం కలోడెన్ యుద్ధభూమికి వెళ్లొద్దామని మావారు ప్లాన్ వేశారు. పోనూ రానూ రైల్లోనే ఏడు గంటలు! "ఖాళీ మైదానం చూడ్డానికి అంత దూరమా? ఆ రోజు కూడా ఎడిన్‌బరోలోనే ఉందాం" అన్నాను. "నీకు షాపింగ్ తప్ప ఇంకేం పట్టదు" అన్నారు. అప్పట్నుంచీ ముభావంగా ఉంటున్నాం. ఖర్చంతా ఆయనదే కాబట్టి గట్టిగా అడగలేకపోతున్నాను. ఆయనది బొబ్బిలి, చిన్నప్పటి నుంచీ యుద్ధాల కథల పిచ్చి. అక్కడ చూసేదేమీ లేదని మీరు రాస్తే ఆయనకు చూపిస్తాను. - ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అలా రాయలేనమ్మా. కంటికి కనబడేది తక్కువేనన్న మాట నిజం. బయలు నేల, తుప్పలు, గాలి, ఒక రాతి కట్టడం, వంశాల పేర్లు చెక్కిన కొన్ని రాళ్లు. ఎవరి సైన్యం ఎక్కడ నిలబడిందో తెలియడానికి ఎర్ర జెండాలు, నీలం జెండాలు పాతి ఉంటాయి. కథ తెలియనివాళ్లకు పావుగంటలో విసుగు పుడుతుంది. తెలిసినవాళ్లను అక్కణ్నుంచి కదిలించడం కష్టం. బ్రిటన్ సింహాసనం తమ వంశానిదేనని తిరగబడిన ఛార్లెస్ ఎడ్వర్డ్ స్టువార్ట్ వెంట నడిచినవాళ్లను జాకోబైట్లు అంటారు. 1746 ఏప్రిల్ 16న వాళ్లు బ్రిటిష్ ప్రభుత్వ సైన్యం చేతిలో ఆ నేల మీదే ఓడిపోయారు. యుద్ధం గంటసేపు కూడా సాగలేదు. వాళ్లలో 1,500 మంది దాకా చనిపోతే, ప్రభుత్వ సైన్యంలో పోయింది 50 మంది దాకా. ఆ తర్వాత కొండప్రాంతాల మగవాళ్లు తమ సంప్రదాయ దుస్తులు వేసుకోకూడదని చట్టం తెచ్చారు. దాన్ని ఎత్తేసింది 1782లో. పేర్లు చెక్కిన ఆ రాళ్ల దగ్గర గుట్టలుగా కనిపించేవి సామూహిక సమాధులు.

బొబ్బిలి యుద్ధం జరిగింది 1757లో, అంటే దీని తర్వాత పదకొండేళ్లకే. ఓడిపోయినవాళ్ల కథను ఊరంతా తమదిగా చెప్పుకునే చోట పెరిగిన మనిషికి అలాంటి నేల మీద నిలబడాలనిపించడంలో వింతేముంది? మీరు "ఖాళీ మైదానం" అన్నప్పుడు ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్న మనిషి "షాపింగ్" అని తిరిగి గుచ్చాడు. ఆ మాట తప్పే. కానీ మొదటి మాట మీదే.

అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో చెల్లెలి గురించి నాకు రాశారు. ఆయనతో అన్నారా? మీరు రాసిన గొడవలో ఆ అమ్మాయి ఊసే లేదు. "ఎడిన్‌బరోలోనే ఉందాం" అన్నారు తప్ప, "శనివారం నా చెల్లెలితో గడపాలనుంది" అనలేదు. ఎందుకు అనలేదో ఊహించగలను. పుట్టింటివాళ్ల కోసం ట్రిప్పు మార్చమంటోందన్న మాట పడాల్సి వస్తుందని మన ఆడవాళ్లు ముందే జంకుతారు. జంకి, వేరే కారణం వెతుక్కుంటారు. మీకు ఆ కారణంగా దొరికింది పాపం ఆ మైదానం. దానిలో లోపాలు ఎన్ని ఎంచినా మీ కోరిక ఆయనకు తెలిసే దారి లేదు. నాలుగేళ్లుగా చూడని చెల్లెలిని ఒక రోజంతా దగ్గర పెట్టుకోవాలనుకోవడానికి సాకు దేనికి?

డబ్బు సంగతి కూడా మాట్లాడుకుందాం. ఇల్లు మీ చేతుల మీద నడిచింది కాబట్టే ఆయన జీతంలో స్కాట్లాండ్‌కు సరిపడా మిగిలింది. ఆయన "డబ్బు నాది" అన్నట్టు మీరు రాయలేదు. అంటే అనని మాటకు మీరే తలవంచుతున్నారు. ఒకవేళ ఎప్పుడైనా అని ఉంటే అది వేరే ఉత్తరం, తప్పకుండా రాయండి.

ఇక శనివారం. ముగ్గురూ పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ప్లాన్ నాకూ నచ్చలేదు. మూడున్నర గంటల రైలు, ఇన్వర్‌నెస్‌లో దిగాక మళ్లీ ఎనిమిది కిలోమీటర్ల ప్రయాణం, చూస్తున్నంతసేపూ తిరుగు రైలు టెన్షన్. అలా వెళ్తే ఆయన కూడా తృప్తిగా చూడలేరు. ఆయన్ని శుక్రవారం మధ్యాహ్నమే బయల్దేరమనండి. రాత్రి ఇన్వర్‌నెస్‌లో ఉండి, శనివారం పొద్దున్నే కలోడెన్ చేరితే తీరిగ్గా తిరగొచ్చు. దగ్గర్లోనే క్లావా అనే చోట దాదాపు 4,000 ఏళ్ల నాటి రాతి సమాధులున్నాయి, అవీ చూసుకోవచ్చు. రాత్రి భోజనానికి మరదలి ఇంటికి చేరిపోతారు. భార్యనీ పిల్లనీ వదిలి ఒక్కడే ఊరేగాడని చుట్టాలు అంటారేమోనన్న భయం ఉంటే, చుట్టాలకు ప్రోగ్రామంతా చెప్పడం మానేయండి. పాపను ఎటు వెళ్తావో దాన్నే అడగండి. నాన్నతో వెళ్తానంటే మొహం మాడ్చుకోవద్దు.

మీ శనివారం మాత్రం చెల్లెలితో ఊరు చుట్టెయ్యాలని చూడకండి. కోట, రాయల్ మైల్ అనే పాత వీధి లాంటివి మిగతా రోజుల్లో ముగించేయండి. ఆ రోజుకి రాయల్ బొటానిక్ గార్డెన్ చాలు. లోపలికి టికెట్ లేదు, మాట్లాడుకుంటూ ఎంతసేపైనా నడవొచ్చు. కాళ్లు నొప్పి పుడితే వాళ్లింటికెళ్లి పప్పుచారు పెట్టుకోండి. విదేశంలో ఒంటరిగా ఉండే పిల్లకు అక్క చేతి వంట కంటే ఏ కోటా గొప్పది కాదు.

గురువారం ముగ్గురూ నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లాండ్‌కు వెళ్లండి, అక్కడా ప్రవేశం ఉచితమే. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రెను అక్కడే పెట్టారు, పాపకు నచ్చుతుంది. కలోడెన్‌లో ఓడిపోయిన ఆ ఛార్లెస్ ప్రయాణాల్లో వాడుకున్న వెండి భోజన సామగ్రి కూడా అక్కడే ఉంది. యుద్ధం తర్వాత అది శత్రువుల చేతికి చిక్కింది. దాని ముందు నిలబడి ఆ కథేంటో ఆయన్నే చెప్పమనండి. మధ్యలో ఫోన్ చూడకుండా వినండి.

ఆయనకు ఇదంతా ఈ వారంలోనే చెప్పండి, నా జవాబు చూపించి కాదు, మీ మాటల్లోనే. అక్కడ రైలు టికెట్లు ముందుగా కొంటే బాగా తక్కువకు వస్తాయి. ఆయన శనివారానికి మూడు టికెట్లు కొనేశాక మొదలుపెడితే, ఈసారి టికెట్ల డబ్బు గురించి గొడవపడతారు.