మళ్ళీ చదవబోయే ముందు

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. ఇంటర్‌లో పిచ్చిగా ఇష్టపడ్డ నవల మళ్ళీ చదవాలని ఉంది గానీ, చదివితే ఆ మత్తు కాస్తా దిగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉందన్నావు. దిగిపోతుంది, అందులో అనుమానమేం పెట్టుకోకు. తర్వాతేం జరుగుతుందో తెలిసిన కథకి మొదటిసారి పుట్టిన దడ ఎక్కణ్ణుంచి వస్తుంది? దానికోసమే అయితే కొత్త నవల కొనుక్కో, బోలెడు వస్తున్నాయి. కానీ నీది ఫేరీల ప్రేమకథ. ఫేరీలంటే పాశ్చాత్య జానపద కథల్లో మాయలు తెలిసిన జాతివాళ్ళు. వాళ్ళ ప్రేమకథల సంగతి వేరు. అవి సగం రెండోసారి చదివేవాళ్ళ కోసమే రాస్తారు.

నువ్వు ఆ పుస్తకం నెల్లూరులో మా ఇంట్లోనే వదిలేసి బెంగళూరు వెళ్ళావు కదా, ఎండాకాలం మధ్యాహ్నాలు నేనే చదివేశాను. ఆగక మళ్ళీ చదివాను. గులాబీ హైలైటర్‌తో నువ్వు గీసినవి చూస్తే నవ్వొచ్చింది. అన్నీ హీరో డైలాగులే! ఆయన కళ్ళు, ఆయన జుట్టు, ఆయన అలగడం. పదిహేడేళ్ళ పిల్ల ఇంకేం గీస్తుందిలే. ఈసారీ ఆ కాపీనే చదువు, కొత్త అట్ట బాగుందని ఇంకోటి కొనకు. చేతిలో మాత్రం పెన్సిల్ పెట్టుకో.

ఆ పెన్సిల్ దేనికంటే, ఈ కథల్లో ఫేరీలు అబద్ధం ఆడలేరు. ఆడలేనివాడు మోసం చెయ్యాలంటే ఏం చేస్తాడు? నిజాన్నే ముక్క కోసి చేతిలో పెడతాడు. "ఈ రాత్రి నా వల్ల నీకు హాని లేదు" అన్నాడంటే రేపటి సంగతి ఎత్తలేదన్నమాట. "నిన్ను పంపించెయ్యమని నేను చెప్పలేదు" అన్నాడంటే, చెప్పించాడేమో చూసుకోవాలి. మొదటిసారి కథ ఎటు పోతోందన్న ఆత్రంలో మనమూ ఆ మాటలు విన్న హీరోయిన్ పిల్లతోపాటే బోల్తా పడతాం. రెండోసారి ఒక్కో మాటా అతుకులతో సహా కనబడుతుంది. విందులో రాణి మాట్లాడే అధ్యాయం ఉంది చూడు, అక్కడ నిదానించు. ఆమెని అడిగిన ప్రశ్నేమిటి, ఆమె చెప్పిందేమిటి, మధ్యలో ఏది ఎగ్గొట్టింది, అంచున రాసుకో. నాకు ఆ ఒక్క అధ్యాయానికే సాయంత్రమంతా పట్టింది, పొయ్యి మీద పాలు పొంగినా తెలియలేదు. ఎక్కడన్నా ఫేరీ నోట పచ్చి అబద్ధం దొర్లిందా, అది రచయిత్రి పొరపాటే. దొరికితే నాకు ఫోటో తీసి పంపు.

నోటితో అబద్ధం ఆడరు గానీ రూపంతో ఆడతారు. ఈ మాయ మనకేం కొత్త కాదు. ఉదయగిరి కోట గెలిచిన రాయల కొలువులోనే పెద్దన మనుచరిత్ర రాశాడు. వరూధిని ప్రవరుణ్ణి మోహించింది, అతను కాదని ఇంటికి పోయాడు. ఆమె దుఃఖం చూసి ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చాడు. వచ్చి ఒక షరతు పెట్టాడు, కలిసినప్పుడు కళ్ళు మూసుకోవాలని. ఆ షరతెందుకో ఆమె అడగలేదు. మీ ఫేరీ నవలల్లో పిల్లలూ అడగరు. షరతు కనబడగానే 'ఇది ఎవరికి లాభం' అని పక్కన రాసుకో.

బేరాలూ అంతే. మన స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో చదువు రొట్టె తీసుకున్నవాడు కోరిక తీరాక వచ్చి చదువు రొట్టే ఇచ్చిపోతాడు. పుచ్చుకునేదీ ఇచ్చేదీ ముందే తెలుసు. ఫేరీ బేరంలో పుచ్చుకునేది మాత్రమే తెలుస్తుంది, ఇవ్వాల్సింది గడువొచ్చాక చెబుతారు. నీ నవలలో ఆ పిల్ల ఒప్పుకున్న బేరం మాటలు యథాతథంగా ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకుని చదువు. చివరి భాగమంతా ఆ రెండు వాక్యాల్లోంచే వచ్చిందని అప్పుడు తెలుస్తుంది.

ఇంకొకటి. మధ్యలో విరామం తీసుకుని టామ్ లిన్ చదువు. స్కాట్లండ్ వాళ్ళ పాత గాథాగీతం. చైల్డ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1882 నుంచి 1898 దాకా అచ్చువేసిన 305 పాటల్లో అది 39వది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇప్పటి ఫేరీ ప్రేమకథలు చాలావాటికి మూలం అదే. ఫేరీ రాణి చేతిలో చిక్కిన మనిషి టామ్ లిన్. ఏడేళ్ళకోసారి ఫేరీలు నరకానికి కప్పం కట్టాలి, ఈసారి తననే ఇచ్చేస్తారని అతని భయం. అతని బిడ్డని కడుపులో మోస్తున్న జానెట్, హాలోవీన్ అర్ధరాత్రి, గుర్రం మీద పోతున్నవాణ్ణి కిందికి లాగి పట్టుకుంటుంది. ఆ చేతుల్లోనే అతను పాము అవుతాడు, మృగం అవుతాడు, కణకణలాడే నిప్పవుతాడు. ఆమె వదలదు. చివరికి మనిషి మిగులుతాడు. అది చదివి నీ నవలకి తిరిగిరా. ఇక్కడ ఎవరు ఎవర్ని పట్టుకున్నారు? పాటలో ఆడపిల్ల చేసిన పని నవలలో హీరోకి ఇచ్చేశారా? నా లెక్కలో నీ పుస్తకం ఇక్కడే కొంచెం తగ్గింది. నువ్వు ఒప్పుకోకపోవచ్చు.

హీరో సంగతికొద్దాం. ఈ వయసులో చదివితే ఆయన కొన్నిచోట్ల చిరాకు తెప్పిస్తాడు. 'నీ మంచికే దాచాను' అనే మాట ఎన్నిసార్లు వాడాడో చూడు. ఆఫీసులో ఎవరన్నా నీతో అలా అంటే ఊరుకుంటావా? అలాగని పుస్తకాన్ని మూల పారెయ్యక్కర్లేదు, వెనకేసుకు రానూ అక్కర్లేదు. అప్పుడు గీసిన గులాబీ గీత పక్కన ఇప్పటి చిరాకు పెన్సిల్‌తో రాయి. రెండూ నువ్వే.

మిగతావి చిన్న సంగతులు. అడవి ప్రయాణం అధ్యాయాలు దాటెయ్, నేనూ దాటేశాను. రాత్రి పన్నెండింటికి మొదలుపెట్టకు. నీకు అసలే నిద్ర తక్కువ. సగంలో విసుగొస్తే ఆపెయ్, ఎవరూ పరీక్ష పెట్టరు.

వచ్చే ఆదివారం మీ నాన్న అటు వస్తున్నాడు, పుస్తకం ఇచ్చి పంపుతున్నాను. మలై కాజాల డబ్బా దాని మీద పెట్టొద్దని గట్టిగా చెప్పాను, పాకం కారితే నీ గీతలు పోతాయి. రెండో భాగం మాత్రం పంపడం లేదు. దాని ముగింపు మీద నాకు పెద్ద ఫిర్యాదే ఉంది, నువ్వు మొదటిది ముగించాక ఫోన్లో పోట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ
నెల్లూరు