‘మిస్’ అంటే తప్పిపోవడమేనా?

‘మిస్’ అనే ఇంగ్లిష్ మాటకు తెలుగులో అర్థమేమిటి, ‘ఐ మిస్ యూ’ని ఎలా చెప్పాలి అని అడిగారు. నాకు ముఖ్యం రెండోదే, ఎందుకంటే ఆ మాటతో మా నానమ్మను ఒకసారి హడలగొట్టాను.

హాస్టల్లో చేరిన మొదటి నెల. రాత్రి ఫోన్ చేసి, "నానమ్మా, నిన్ను బాగా మిస్ అవుతున్నా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత కంగారుగా, "ఎక్కడున్నావురా? దారి తెలియట్లేదా? పక్కన పెద్దవాళ్లెవరైనా ఉంటే ఫోన్ వాళ్లకివ్వు" అంది. టీవీలో ‘బాలుడు మిస్సింగ్’ అని వినీ వినీ, మిస్ అంటే పిల్లలు కనబడకుండా పోవడమే ఆమెకు. గదిలోనే ఉన్నానని నమ్మించేసరికి ఆమె గొంతు వణుకుతోంది. చివరికి, "అది కాదు నానమ్మా, నీ మీద బెంగగా ఉంది" అన్నాను. "ఆ మాట అనరాదూ!" అని, "నాకూ అంతేరా. గేటు చప్పుడైతే నువ్వే వచ్చావనిపిస్తోంది" అంది. నెల రోజుల్లో ఒక్కసారైనా ఆ సంగతి నాతో అనలేదు.

ఆమె పొరపాటేమీ లేదు. మిస్‌కి పాత అర్థం గురి తగలకపోవడమే. బాణం గురి తప్పినా, బస్సు తప్పిపోయినా ఇంగ్లిష్‌లో అదే మాట. నియర్ మిస్ అంటే మన పేపర్లు రాసే ‘తృటిలో తప్పిన ప్రమాదం’. ఇక్కడిదాకా మన ‘తప్పు’ క్రియ హాయిగా సరిపోతుంది. ఎవరైనా దారి చెబుతూ ‘యూ కాంట్ మిస్ ఇట్’ అంటే మాత్రం, తప్పకుండా చూడాలని కాదు, కంటపడకుండా పోదని. అమ్మాయి పేరు ముందు పెట్టే మిస్‌కి వీటితో చుట్టరికమే లేదు, అది మిస్ట్రెస్‌ను కుదించిన మాట.

ఇక మనిషి దగ్గర లేని బాధ. ‘నీ లేమిని అనుభూతి చెందుతున్నాను’ లాంటి తర్జుమాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అమ్మతో ఎవరైనా అలా మాట్లాడతారా? ఇంగ్లిష్‌లో మిస్ అవడం మనిషి చేసే పని. ఫ్రెంచ్‌వాళ్లు దాన్ని తిప్పి ‘తు మ మాంక్’ అంటారు, నువ్వు నాకు కొరతగా ఉన్నావని. మనకైతే బెంగ తనే వచ్చి పట్టుకుంటుంది. ఆ బాధ నిజంగా అలాగే వస్తుంది, అందుకే ఈ మూడింట్లో మనదే సరైన మాట అంటాను.

బెంగ చిన్నపిల్లల మాట, భార్యాభర్తలకు నప్పదు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. పోయిన వారం మా ఆవిడ పుట్టింటికి వెళ్తే ‘నీ మీద బెంగగా ఉంది’ అని మెసేజ్ పెట్టాను. ఆ రాత్రి తను రెండుసార్లు ఫోన్ చేసింది.