కోఠీ రోడ్డుని సిమ్యులేషన్‌లో కట్టబోయే ముందు

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

కోఠీ బస్టాపుల నుంచి సుల్తాన్ బజార్ దాకా రోడ్డుని సుమో అనే ట్రాఫిక్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో కడతానన్నావు. ముందు టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళమ్మా. మ్యాపులోంచి దించుకున్న వెడల్పు తెల్లవారుజాము నాటిది. సాయంత్రం తోపుడుబళ్ళు, వరసగా ఆపిన బైకులు పోగా మిగిలేదెంతో ప్రతి 20 మీటర్లకీ కొలిచి రాసుకో. ఒక మామూలు రోజు, ఒక శనివారం, సాయంత్రం 5 నుంచి 8 దాకా ఏదైనా మేడ మీంచి వీడియో తీయించు. బస్సులు, ఆటోలు, బైకులు, కార్లు, మనుషులు, అన్నీ 5 నిమిషాలకోసారి విడివిడిగా లెక్కపెట్టాలి. ఆటో ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగిందో కూడా.

నెట్‌వర్క్‌ని, అంటే మోడల్‌లోని రోడ్లని, బండ్లు ఎడమపక్క నడిచేలా మార్చడం మర్చిపోకు. లేటరల్ రిజల్యూషన్, అంటే లేన్‌ని అడ్డంగా విడగొట్టే సన్నటి పట్టీల వెడల్పు, 0.8 మీటర్లు పెట్టు. లేదంటే బైకులు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, సందుల్లోంచి దూరవు. మనుషులతో ఇంకా జాగ్రత్త. మోడల్‌లో వాళ్ళు క్రాసింగ్ ఉన్నచోటే దాటతారు కాబట్టి, వీడియోలో జనం దాటిన ప్రతిచోటా నువ్వే క్రాసింగ్ పెట్టాలి. అక్కడ బండ్లు మర్యాదగా ఆగి దారిస్తుంటే నమ్మకు, సరిచెయ్యి. సంచులతో, పిల్లలతో నడిచేవాళ్ళకి సెకనుకి 0.9 మీటర్లు చాలు. 7 మీటర్లు దాటడానికి దాదాపు 8 సెకన్లు.

మోడల్‌లో వాహనాల లెక్కకీ రోడ్డు మీది లెక్కకీ తేడా ఎంతో చెప్పే జీఈహెచ్ విలువ 85 శాతం చోట్ల 5 లోపు వచ్చిందంటే వాహనాల సంఖ్య కుదిరినట్టే. భద్రత గురించి అదేమీ చెప్పదు. మోడల్‌లో బండ్లు గుద్దుకోకుండా నడిచేలాగే రాసి ఉంటాయి, అందుకే మనం లెక్కించేది త్రుటిలో తప్పిన ఘటనల్ని. ఢీకొనడానికి మిగిలిన సమయం 1.5 సెకన్ల లోపుంటే ప్రమాదమనే గీటురాయి బజారులో పనికిరాదు. నత్తనడకన ఒరుసుకుపోయే బైకులన్నీ అందులో పడతాయి. మనిషి ఒక చోటు దాటాక అదే చోటికి బండి ఎన్ని సెకన్లకి వచ్చిందో చూడు, ఆ క్షణాన బండి వేగంతో కలిపి. ఇదే కొలత వీడియోలోనూ తియ్యి. రెండూ దగ్గరపడేదాకా బస్టాప్ జరపడంలాంటి ఏ మార్పూ మోడల్‌లో పరీక్షించకు.

పరీక్షించేటప్పుడు, రోడ్డు ఇంకా బండ్లతో నిండని మొదటి 15 నిమిషాలు వదిలేసి, వేర్వేరు ర్యాండమ్ సీడ్‌లతో (మోడల్‌లోని యాదృచ్ఛికతని మార్చే అంకెలు) కనీసం 10 సార్లు నడుపు. బస్టాప్‌ని కూడలికి దూరంగా జరిపితే తెర మీద అంతా శుభ్రంగా కనిపిస్తుంది. ఎందుకంటే నీ ప్రయాణికులు కొత్త స్టాపు దాకా నడవలేదు! వాళ్ళు ఏ వైపు నుంచి వస్తారో, ఎక్కడ రోడ్డు దాటతారో మోడల్‌లో పెట్టి మళ్ళీ నడుపు, ఘర్షణలు కూడలి నుంచి స్టాపు దగ్గరికి జరిగాయేమో తెలుస్తుంది. సరాసరి వేగం పెరిగిందని సంతోషించకు, క్రాసింగ్ దగ్గర వేగం ఎంతుందో విడిగా చూడు. అక్కడ పెరిగితే, బండ్లు నెమ్మదించేలా రోడ్డు కన్నా కాస్త ఎత్తుగా కట్టే క్రాసింగ్ కూడా కలిపి పరీక్షించు.

మార్పు అమలైన మొదటి వారం వీడియో వద్దు, జనం ఇంకా పాత చోటికే వస్తుంటారు. నెల ఆగి, అదే మేడ మీంచి అవే గంటల్లో తియ్యి.

ఇట్లు,
మీ మామయ్య