డాన్స్ కంపెనీలో చేరతానంటోంది... పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. ఈ మధ్య శిల్పకళా వేదికలో వీడియో ప్రొజెక్షన్‌తో చేసిన ఒక ఆధునిక నృత్య ప్రదర్శన చూసొచ్చింది. అప్పటి నుంచి అలాంటి కంపెనీలోనే పని చేస్తానని పట్టుబట్టింది. ఆ కంపెనీల వీడియోలు నాకూ చూపించింది. ఒకదాంట్లో మన శాస్త్రీయ నృత్యంలాగే ఉంది, ఇంకోదాంట్లో తాళ్లకు వేలాడుతున్నారు, మరోదాంట్లో మనుషుల కన్నా తెరే ఎక్కువ కనిపిస్తోంది. అసలు ఏం నేర్చుకుంటే ఈ ఉద్యోగం వస్తుంది? దీంతో బతకగలదా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీరు గమనించిన ఆ తేడాలే ఈ వృత్తికి ఆయువుపట్టు అమ్మా. ఎప్పుడు పిలుపొచ్చినా వేదికెక్కించగలిగేలా కంపెనీ సిద్ధంగా పెట్టుకునే ప్రదర్శనల సముదాయాన్ని రెపర్టరీ అంటారు. పెద్ద ఉత్సవానికి పెద్ద ప్రదర్శన కావాలి. కాలేజీ ఆడిటోరియంలో ప్రొజెక్టర్ పెట్టే వీలుండదు, అక్కడికి వేరే అంశం కావాలి. అందుకే డాన్సర్ ఒక్కోసారి మూడు నాలుగు రకాల ప్రదర్శనలను ఒంట్లో ఒకేసారి నిలబెట్టుకోవాలి. మీ అమ్మాయి మనసు పడ్డది బహుశా అందులో ఒక్క రకం మీదే. మిగతావి కూడా అంతే ఇష్టంగా చేయగలదా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ర్యాంకు సంగతి ఆ తర్వాత.

తెరతో కలిసి చేసే నృత్యంలోనూ రెండు దారులున్నాయి. అమెరికా నృత్య దర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 1999లో చేసిన ‘బైపెడ్’లో డాన్సర్ల కదలికలను ముందే కంప్యూటర్‌లోకి ఎక్కించి, బొమ్మలుగా మార్చి, వేదిక ముందున్న పల్చటి తెర మీద వేశారు. ఆస్ట్రేలియా కంపెనీ చంకీ మూవ్ 2006లో చేసిన ‘గ్లో’ దీనికి పూర్తిగా వేరు. పైనున్న కెమెరా డాన్సర్‌ను చూస్తుంటుంది, ఆమె ఎటు కదిలితే వెలుగు గీతలు అటు పుట్టుకొస్తాయి. మొదటి రకంలో డాన్సర్ కొలత తప్పకూడదు, రెండో రకంలో అప్పటికప్పుడు ఊహించి కదలాలి.

మీ అమ్మాయికి అలవాటైన పద్ధతితో పోల్చి చూడండి. కూచిపూడిలో నట్టువాంగం చేసేవారి (తాళాలు వేస్తూ ప్రదర్శన నడిపేవారి) కళ్లు నర్తకి మీదే ఉంటాయి. ఆమె అర క్షణం ఆలస్యం చేస్తే తాళాలు పట్టుకున్నవారు సర్దుకుంటారు. ముందే రికార్డు చేసిన వీడియో అలా ఆగదు. నేల మీద అంటించిన టేపు గుర్తుకు జానెడు దూరంలో నిలబడ్డా, భుజం మీద పడాల్సిన బొమ్మ మొహం మీద పడుతుంది. ఎదురు లైటు వేస్తే తెర వెలిసిపోతుంది కాబట్టి ఎక్కువగా పక్క లైట్లే వాడతారు. ఆ వెలుతురులో కంటి అభినయం చివరి వరుసకు చేరడం కష్టం, వీపుతో, మెడతో చెప్పడం నేర్చుకోవాలి. ప్రదర్శనకు ముందు జరిగే టెక్నికల్ రిహార్సల్లో ఒకే ముక్కను లైట్ల కోసం మళ్లీ మళ్లీ చేయించి, మధ్యలో గంటలు గంటలు నిలబెడతారు. ఆ ఓపిక లేనివాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు.

అయితే కూచిపూడి మానేసి ‘కాంటెంపరరీ’, అంటే ఆధునిక నృత్యం, నేర్చుకుంటానంటే మాత్రం ఒప్పుకోకండి. కథక్‌లో పెరిగిన బ్రిటన్ నర్తకుడు అక్రమ్ ఖాన్ 2011లో ‘దేశ్’ అనే సోలో చేశాడు. అందులో గీసిన బొమ్మల అడవి తెర మీద కదులుతుంటే, అతను దానితో కలిసి ఆడతాడు. కథక్ సాధన లేకపోతే ఆ ఒళ్లు అలా పలకదు. మీ అమ్మాయికి ఉన్న లయ, అరమండి (మోకాళ్లు వంచి నిలిచే భంగిమ) బలం కంపెనీకి విలువైనవే. వాటికి నేల మీద దొర్లడం, తోటి డాన్సర్ బరువు మోయడం, అప్పటికప్పుడు అల్లుకుంటూ కదలడం లాంటివి జోడించాలి.

ఇక డబ్బు. మన దేశంలో నెల జీతమిచ్చే ఆధునిక నృత్య కంపెనీలు చాలా తక్కువ. ఎక్కువమంది ఒక్కో ప్రదర్శనకు ఇంత అని మాట్లాడుకుని పని చేస్తారు, మిగతా రోజుల్లో క్లాసులు చెబుతారు. హైదరాబాద్‌లో కార్పొరేట్ ఈవెంట్లు, సినిమా పాటల పని కూడా దొరుకుతుంది. గాయమైతే కొన్ని నెలలు సంపాదన ఆగిపోతుంది. ఇది మీ దగ్గర దాచడం మంచిది కాదు.

అందుకే నా సలహా, డిగ్రీ వదలొద్దు. కానీ ఇంజినీరింగే కావాలని మీరు పట్టుబట్టకండి. మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో యానిమేషన్‌లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంపీసీ చదివి, నాట్యం తెలిసి, బొమ్మను కదిలించడం కూడా వచ్చిన అమ్మాయి ఈ రంగంలో అరుదు. ఇంజినీరింగే ఇష్టమైతే, ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ చూడండి, సాయంత్రాలు సాధనకు మిగలాలి. డిగ్రీ తర్వాత హైదరాబాద్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లో నృత్యంలో పీజీ చేయొచ్చు. 1992లో మొదలైన, బెంగళూరులోని అట్టక్కళరి, నృత్యాన్ని డిజిటల్ మాధ్యమంతో కలిపి పని చేసిన సంస్థ. అక్కడి శిక్షణ వివరాలు నేరుగా వాళ్లనే అడగండి. పద్దెనిమిది నిండాక కూచిపూడి మీద కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించండి.

నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటి చెబుతాను. వేదిక మీద వీడియో నడిపేందుకు చాలామంది వాడే ‘ఇసడోరా’ సాఫ్ట్‌వేర్ పుట్టింది ఒక డాన్స్ కంపెనీ అవసరం నుంచే. ట్రోయికా రాంచ్ కంపెనీని డాన్సర్ డాన్ స్టోపియెల్లోతో కలిసి నడిపిన మార్క్ కోనిగ్లియో దాన్ని తయారు చేశాడు. కాబట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం నాట్యానికి దూరమవడమేమీ కాదని అమ్మాయికి చెప్పండి. ఇలాంటి పనికే వాడే ‘టచ్ డిజైనర్’ సాఫ్ట్‌వేర్ వ్యాపారానికి కాకుండా నేర్చుకోవడానికైతే ఉచితం. ఆ ఉచిత రకంలో బొమ్మ పొడవు, వెడల్పు 1280 పిక్సెళ్లు దాటవు, నేర్చుకోవడానికి అది చాలు.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. ఆడిషన్లలో సాధారణంగా ముందు క్లాసు చేయిస్తారు, తర్వాత రెపర్టరీ నుంచి ఒక ముక్క నేర్పి అప్పటికప్పుడు చేయమంటారు, ఆపైన సొంతంగా కదలమంటారు. తనకు నచ్చని రకం వీడియో ఒకటి ఎంచుకుని, అందులో రెండు నిమిషాల ముక్క నేర్చుకుని మీ ముందు చేయమనండి. దాన్ని ఫోన్లో తీసి నాకు పంపితే, ఏ కంపెనీల ఆడిషన్లకు వెళ్లొచ్చో చూసి రాస్తాను.