మగరాయుడా, ఆటగత్తెనా?

సందేహం: "మాది తిరుపతి. కాలేజీ రోజుల నుంచీ కబడ్డీ ఆడుతున్నాను, ఉద్యోగంలో చేరాక కూడా మానలేదు. ఇంట్లో ఒక సంబంధం చూశారు. పెద్దవాళ్ళ ఒప్పుదలతోనే ఆ అబ్బాయీ నేనూ రెండు నెలలుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం, అప్పుడప్పుడూ కలుస్తున్నాం. మంచివాడే. కానీ నా మోచేతి మీద మచ్చ చూసి 'నువ్వు మగరాయుడివి' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అది పొగడ్తా, ఎత్తిపొడుపా? మా అవ్వేమో 'ఆడపిల్లంటే ఆడ పిల్ల, ఈడ పిల్ల కాదు, ఇంక ఆటలు చాలు' అంటోంది. బయోడేటాలో 'క్రీడాకారిణి' అని రాయాలా, 'ఆటగత్తె' అనవచ్చా?"
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు మీ అవ్వగారి మాట చూద్దాం. ఆడ, ఈడ అంటే మన వైపు అక్కడ, ఇక్కడ. ఆ మాట నేనూ చిన్నప్పటి నుంచి వింటున్నాను. వినడానికి అతికినట్టే ఉంటుంది గానీ అది ఆ పదం పుట్టుక కాదు. 'ఆడపిల్ల'లోని మొదటి ముక్కను పాతకాలంలో అరసున్నతో 'ఆఁడు' అని రాసేవారు. దాని అర్థం స్త్రీ అనే. ఆ అరసున్న ఒకప్పటి నిండుసున్న మిగిల్చిన గుర్తు. పాత కావ్యాల్లో కనిపించే 'ఆండ్రు' అనే మాటలో ఆ సున్న ఇంకా నిండుగానే ఉంది. అరసున్న రాయడం మానేశాక 'ఆఁడు' వచ్చి 'ఆడ' పక్కన చేరింది, రెండూ ఒకటేనన్న భ్రమ కలిగింది. ఎక్కడికో పోవలసిన పిల్ల అనే అర్థం ఆ పదంలో లేదు. ఉన్నచోట ఉన్న ఆడమనిషే, అంతే.

అలాగని 'ఆడపిల్ల అంటే ఆడే పిల్ల' అని మీరు ఎదురు చెప్పబోతే అదీ నిలవదు. ఆటకు సంబంధించిన 'ఆడు'లో అరసున్న ఏనాడూ లేదు. మన తిరుపతి, చిత్తూరు వైపు అటు తమిళం, ఇటు కన్నడం చెవిన పడుతూనే ఉంటాయి కదా. ఆ రెండు భాషల్లోనూ ఆట ఆడటానికి 'ఆడు' అనే అంటారు. ఆ క్రియ మూడిళ్ళ ఉమ్మడి ఆస్తి.

ఈ 'ఆడు' చేసే పని ఎంతని చెప్పను! మాటాడటం, పోట్లాడటం, స్నానమాడటం. ఊపిరి ఆడుతుంది, సినిమా ఆడుతుంది. మాట ఇచ్చి వెనక్కి పోతే ఆడి తప్పడం. బాలింత కావడాన్ని నీళ్ళాడటం అనేవారు. పెళ్ళికి కూడా అదే క్రియ: పెళ్ళాడటం. రుక్మిణి కృష్ణుణ్ణి పెళ్ళాడింది అంటే ఎవరికీ తప్పుగా తోచదు. చూడండి, అక్కడ కర్త ఆమే. చేసుకున్నదీ ఆమే. ఆట మానితేనే పెళ్ళి అని మీ ఇంట్లో అంటున్నారేమో గానీ, తెలుగు మాత్రం రెండింటినీ ఒకే క్రియకు అప్పగించింది.

ఇక మగరాయుడు. అబ్బాయి మనసులో చెడు లేదనే నమ్ముతాను. మన ఇళ్ళలో చెట్టెక్కిన పిల్లను, బండి నడిపిన పిల్లను ముద్దుగానే మగరాయుడంటారు. కానీ మాటకు మనసుతో పనిలేని అర్థం ఒకటి ఉంటుంది. దీని జతమాటను తెచ్చి దీనితో పోల్చి చూస్తే అది బయటపడుతుంది. మగపిల్లవాడిలో ఆడతనం కనిపిస్తే ఏమంటాం? ఆడంగి అంటాం. అందులో ముద్దు ఇసుమంత కూడా లేదు, అది వట్టి తిట్టు. ఆడపిల్ల మగవాడిలా ఉంటే పైకి ఎక్కినట్టు, మగవాడు ఆడపిల్లలా ఉంటే కిందికి జారినట్టు: ఈ రెండు మాటలూ ఒకే నిచ్చెన మీద నిలబడి ఉన్నాయి. అందుకే 'మగరాయుడివి' అన్నప్పుడు మీ బలాన్ని మెచ్చుకుంటూనే అది మీది కాదని కూడా అన్నట్టవుతుంది. మీకు గుచ్చుకున్నది అదే, మీ చెవి సరిగ్గానే విన్నది.

మొన్న పొద్దున విశ్వవిద్యాలయం వైపు నడకకు వెళ్ళినప్పుడు కాసేపు ఆగి అమ్మాయిల కబడ్డీ చూశాను. ఒక పిల్ల కూతకు వెళ్ళేముందు జడను గబగబా చుట్టి ముడివేసి, రెండు పిన్నులు నోట కరచుకుని ఒక్కొక్కటే దోపుకుంది. అరచేతులకు మట్టి రుద్దుకుని గీత దాటింది. గట్టు మీద నుంచి స్నేహితురాలు "పట్టుకుంటారు చూడు మే!" అని అరుస్తోంది. నాకు పోతన సత్యభామ గుర్తొచ్చింది. నరకుడి మీదికి లేచేముందు ఆమె చేసిన మొదటి పని జడను ముడివేసుకోవడమే. విల్లు పట్టాక శత్రువును రోషంతో, పక్కనున్న భర్తను ప్రేమతో చూస్తుంది, రెండు చూపులూ ఆ ఒక్క ముఖంలోనే. అంత యుద్ధం చేయించినా ఆమె సొగసు తగ్గలేదు పోతన కలంలో. ఆమెకు మగతనం అంటగట్టే అవసరం ఆయనకు రాలేదు.

కరణం మల్లీశ్వరి 1997లో సాటి వెయిట్‌లిఫ్టర్‌ను పెళ్ళాడారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 2000లో, అంటే పెళ్ళయిన మూడేళ్ళకు. పి.వి. సింధు తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ ఆడినవారే. ఈ సంగతులు మీ అవ్వగారికి చెప్పి చూడండి.

బయోడేటా సంగతి. 'క్రీడాకారిణి' తప్పు కాదు, పత్రికలు వాడుతున్నాయి. కానీ మాట్లాడేటప్పుడు ఎవరంటారు? తిరుపతి వీధుల్లో "ఆ పిల్ల బాగా ఆడతాది" అంటారు, నామవాచకం జోలికే పోరు. ఆటగత్తె అచ్చమైన తెలుగు. అందగాడికి అందగత్తె, పాటగాడికి పాటగత్తె ఉన్నట్టే ఆటగాడికి ఆటగత్తె. పాత నిఘంటువుల్లో దీనికి నాట్యమాడే స్త్రీ అనే అర్థం ఉంది. ఆ రోజుల్లో ఆ వృత్తిని చూసిన చూపు వల్ల మాటకు మరక అంటింది, జనం వెనకాడారు. ఇప్పుడు ఆ చూపు పోయింది, మాటను దూరం పెట్టవలసిన పని లేదు. క్రికెట్ నియమాల్లోనే 2021లో బ్యాట్స్‌మన్ పోయి బ్యాటర్ వచ్చింది. పక్క కడప జిల్లా శ్రీచరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడింది. ఆమెను ఆటగత్తె అనడానికి నాకు నోరు తడబడదు.

కాబట్టి 'కబడ్డీ ఆటగత్తె' అని రాయండి, ఏ జట్టుకు ఆడారో కూడా రాయండి. ఈసారి అబ్బాయి కలిసినప్పుడు మగరాయుడు వద్దని, ఈ మాట వాడమని నేరుగా చెప్పండి. వీలైతే ఒక మ్యాచ్‌కు పిలవండి. 'ఆటకత్తె' అని క-తో రాసినా తప్పు కాదు, అది పాత రూపం. వాడుకలో గ-నే నిలిచింది.