ఇంటిపేరు చూసి పౌరసత్వం ఇస్తారా?

ప్రశ్న: మాది వరంగల్. పదకొండేళ్లుగా పిట్స్‌బర్గ్‌లో ఉంటున్నాను. గ్రీన్‌కార్డు ఉంది, పాస్‌పోర్టు మాత్రం భారతదేశానిదే. మా వారు ఇక్కడే పుట్టిన అమెరికన్, ఇంటిపేరు యూరిచ్. ఆయన ముత్తాత 1909లో క్రొయేషియా నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో పనిచేశారట. మరణ ధ్రువపత్రంలో పుట్టిన చోటు ‘ఆస్ట్రియా’ అని ఉంది. ఇంట్లో వాళ్లు మాత్రం ‘ఫ్యూమే’ అంటారు. ఇంటిపేరే పెద్ద సాక్ష్యమని, మా వారితో, ఇద్దరు పిల్లలతో పాటు నాకూ క్రొయేషియా పౌరసత్వం వస్తుందని ఒక ఏజెంటు అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా? ఓడ రికార్డు నకలు జతచేశాను.

- ఒక పాఠకురాలు

జవాబు: అడ్వాన్సు ఇవ్వకండి. అతను చెప్పినదాంట్లో సగం నిజమే. మిమ్మల్ని చిక్కుల్లో పడేసేదీ ఆ సగమే.

2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన సవరణల తర్వాత క్రొయేషియా పౌరసత్వ చట్టం 11వ అధికరణం వలస వెళ్లినవారి సంతతికి తలుపులు బాగానే తెరిచింది. మనవడా, మునిమనవడా అన్న తరాల పరిమితి లేదు. భాషా పరీక్ష లేదు. ఉన్న పౌరసత్వం వదులుకోమని అడగరు. జీవిత భాగస్వామి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే మూలపురుషుడు ఇప్పటి క్రొయేషియా భూభాగం నుంచి, 1991 అక్టోబరు 8కి ముందు, బయటి దేశంలో స్థిరపడే ఉద్దేశంతో వెళ్లి ఉండాలి. చట్టం అడిగేది భూభాగం గురించి. కాబట్టి మీరు పట్టుకోవలసింది ఆయన పుట్టిన ఊరును. ఇంటిపేరు దగ్గర ఆగిపోతే పని జరగదు.

తెలుగువాళ్లం ఇక్కడే పొరబడతాం. మన ఇంటిపేర్లలో చాలావాటిలో ఊరి పేరు దాగి ఉంటుంది. కొండపల్లి వారంటే పూర్వీకులది ఏ ఊరో చెప్పకనే తెలుస్తుంది. క్రొయేషియాలో ‘ఇచ్’ అని ముగిసే పేర్లు ఎక్కువగా ఒక మనిషి పేరునో వృత్తినో చెబుతాయి. యూరిచ్ అంటే యురాయ్ సంతతివారని. యురాయ్ అంటే జార్జి. ఆ పేరు లేని పల్లె ఉండదు కాబట్టి ఒకరికొకరు చుట్టరికం లేని యూరిచ్‌లు దేశమంతటా ఉంటారు. కమ్మరిని కోవచ్ అంటారు, దాని నుంచి కోవచిచ్, కోవచెవిచ్ వచ్చాయి. క్రొయేషియాలో అన్నిటికన్నా ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు హొర్వత్. దానికి ‘క్రొయేషియన్’ అనే అర్థం, అంతకు మించి ఏమీ చెప్పదు. పైగా మీ యూరిచ్ పేరు పొరుగున ఉన్న హెర్జెగోవినాలోనూ కనిపిస్తుంది. ముత్తాతగారి ఊరు అటువైపు తేలితే 11వ అధికరణం దారి మూసుకుపోతుంది. అప్పుడు 16వ అధికరణం కింద క్రొయేషియన్ జాతివారమని రుజువు చేసుకోవాలి. అది ఇంతకంటే కష్టం.

స్పెల్లింగు గురించి బెంగపడకండి. అక్కడి ‘జె’ అక్షరాన్ని ‘య’ అని పలుకుతారు. అమెరికాలో అందరూ ‘జూరిక్’ అని పిలుస్తుంటే విసిగి ‘వై’తో మొదలుపెట్టి ఉంటారు. చివర ‘హెచ్’ కూడా అమెరికాలోనే తగిలించినదని అనుకోనక్కర్లేదు. క్రొయేషియా తీరప్రాంతమైన డాల్మేషియాలో లాటిన్, ఇటాలియన్ భాషల్లో రాసిన పాత రికార్డుల్లోనే ‘హెచ్’ కనిపిస్తుంది. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలండ్ అధికారులే పేర్లు మార్చేశారన్న కథ వినే ఉంటారు. వాళ్లు ఓడ ఎక్కించిన చోట తయారైన జాబితాలు చూసి సరిపోల్చుకునేవారంతే.

‘ఆస్ట్రియా’ అని ఉండటంలోనూ వింత లేదు. 1909లో డాల్మేషియా, ఇస్త్రియా ప్రాంతాలు ఆస్ట్రియా చేతిలో ఉండేవి. జాగ్రెబ్ వైపు ప్రాంతం హంగేరీ కిరీటం కింద ఉండేది. మరణ ధ్రువపత్రంలో వివరాలు చెప్పేది బతికున్నవారు, తెలిసినంత చెబుతారు. ‘ఫ్యూమే’ విషయంలో మాత్రం జాగ్రత్త. అది ఇప్పటి రియెకా, ఆనాటి వలస రేవు. 1903 నుంచి అక్కడి నుంచి న్యూయార్క్‌కు నేరుగా ఓడలు నడిచాయి. టైటానిక్ ప్రయాణికులను కాపాడిన కార్పాతియా కూడా ఆ రోజు ఫ్యూమేకే వెళుతోంది. ఓడ ఎక్కిన ఊరు కాలక్రమంలో పుట్టిన ఊరైపోయిన కుటుంబాలు ఎన్నో. దుబాయి వెళ్లిన మన తాతలను మనవలు ‘బొంబాయి వాళ్లు’ అనుకున్నట్టే.

ఇప్పుడు మీరు పంపిన నకలు సంగతి. అది ఎడమ పేజీ మాత్రమే. 1907 నాటి అమెరికా వలస చట్టం తర్వాత ప్రయాణికుల జాబితా రెండు పేజీల వెడల్పు అయింది. స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా అన్న గడి కొత్తగా చేర్చారు. పుట్టిన దేశం, ఊరు రాసే గడి కుడి పేజీలో ఉంటుంది. అదే వరుస సంఖ్యతో ఆ పేజీ వెతకండి. తర్వాత ముత్తాతగారు అమెరికా పౌరసత్వానికి పెట్టుకున్న దరఖాస్తు చూడండి. 1906 సెప్టెంబరు తర్వాతి ఫెడరల్ ఫైళ్లలో అంతకుముందున్న కోర్టు కాగితాల కన్నా వివరాలు చాలా ఎక్కువ. దేశం విడిచిన తేదీ రుజువుకూ అది పనికొస్తుంది.

ఊరు దొరికితే చర్చి పుస్తకాలు. 1946లో పౌర రిజిస్టర్లు వచ్చేదాకా చాలా చోట్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసిపెట్టింది పాదిరీలే. మెజిమూర్యే వంటి, హంగేరీ నేరుగా పాలించిన ప్రాంతాల్లో మాత్రం 1895 నుంచే ప్రభుత్వ నమోదు ఉంది. పాత పుస్తకాలు ప్రభుత్వ అభిలేఖాగారాల్లో ఉంటాయి, కొన్ని ఇప్పటికీ చర్చిల్లో ఉన్నాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైటులో చాలావాటి ఛాయాచిత్రాలు ఉచితంగా చూడవచ్చు. ‘ఆత్మల స్థితి’ అనే పుస్తకం ఉందేమో అడగండి. పాదిరీ ఇంటింటికీ రాసుకున్న కుటుంబ జాబితా అది. మన ఎమ్మార్వో ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి పెద్దన్న లాంటిది. ఒకే ఇంటిపేరున్న కుటుంబాలు ఎక్కువైన పల్లెల్లో మారుపేరు కూడా రాసేవారు. దాన్ని బట్టే మీ శాఖ ఏదో తెలుస్తుంది.

అక్కడి నుంచి పిల్లల దాకా ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి ధ్రువపత్రాలు గొలుసులా కలవాలి. అమెరికా పత్రాలకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు వేసే ప్రభుత్వ ధ్రువీకరణ), కోర్టు గుర్తింపున్న అనువాదకుని చేత క్రొయేషియన్ అనువాదం కావాలి. దరఖాస్తు కాన్సులేట్‌లో ఇస్తారు, నిర్ణయం క్రొయేషియా హోం శాఖది. పేర్లు తేడాగా ఉన్నచోట ‘ఇద్దరూ ఒక్కరే’ అని మన కార్యాలయాల్లో ఇచ్చే అఫిడవిట్ ఒక్కటీ చాలుతుందనుకోవద్దు. రెండు పేర్లనూ కలిపే పాత కాగితం ఉంటే దాని విలువ వేరు.

ఇక మీ సంగతి. భార్యగా మీరూ దరఖాస్తు చేయవచ్చు, భారత పౌరసత్వం వదులుకోమని క్రొయేషియా అడగదు. ఊరుకోనిది మన చట్టం. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం కోరి విదేశీ పౌరసత్వం పుచ్చుకున్న వెంటనే భారత పౌరసత్వం రద్దయిపోతుంది. మీరు సంతకం చేసి వదులుకోనక్కర్లేదు. ఆ తర్వాత పాత పాస్‌పోర్టుతో ప్రయాణించడం నేరం, దాన్ని సరెండర్ చేసి ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) దరఖాస్తు చేసుకోవాలి, ఓటు ఉండదు. ఏజెంటు ఈ మాట ఎత్తాడా? మీ వారు, పిల్లలు అమెరికా పౌరులు కాబట్టి 9వ సెక్షన్ వాళ్లకు వర్తించదు. ఐరోపా పౌరుని భార్యగా మీరు భారత పాస్‌పోర్టుతోనే ఆయన వెంట అక్కడ నివాస హక్కు కోరవచ్చు. రేపో మాపో అమెరికా పౌరసత్వం ఎలాగూ తీసుకోదలిస్తే అప్పుడు లెక్క వేరు.

కాబట్టి ప్రస్తుతం మీ వారి పేరున, పిల్లల పేరున పని మొదలుపెట్టండి, మీ దరఖాస్తు పక్కన ఉంచండి. కుడి పేజీలో ఊరి పేరు చదవడం కష్టమైతే నకలు పంపండి, చూస్తాను.